అణు పరీక్షలు మళ్లీ మొదలవుతాయా? అంచనా కట్టేవారు తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంతకీ ఇక్కడ అణు పరీక్ష అని దేన్ని అంటున్నాం?

సగం గొడవలు ఇక్కడే పుడతాయి కాబట్టి ముందు దీన్ని తేల్చుకోవాలి. ఈ పేజీలో అణు పరీక్ష అంటే గొలుసు చర్య నిలదొక్కుకుని అణుశక్తి విడుదలయ్యే పేలుడు. క్షిపణి ప్రయోగం కాదు, అణు ఇంజన్‌ను నడిపి చూడటం కాదు, సూపర్ కంప్యూటర్ మీద చేసే సిమ్యులేషన్ అసలే కాదు.

ఇది ఎందుకు ముఖ్యమో 2025 అక్టోబర్ చూపించింది. రష్యా బురెవెస్త్నిక్ క్షిపణినీ, పొసైడాన్ అనే నీటి అడుగు డ్రోన్‌నూ పరీక్షించానని ప్రకటించుకుంది. రెండూ అణు ఇంధనంతో నడిచేవే తప్ప అక్కడ అణుబాంబు ఏదీ పేలలేదు. ఆ వెంటనే, అక్టోబర్ 30న, ట్రంప్ బూసాన్‌లో షీ జిన్‌పింగ్‌ను కలవడానికి కాస్త ముందు సోషల్ మీడియాలో ఒక పోస్టు పెట్టారు: ఇతర దేశాలతో సమానంగా అణ్వాయుధాల పరీక్షలు మొదలుపెట్టమని ఆదేశించానని. ప్రపంచమంతా ఉలిక్కిపడింది. మూడు రోజులకు ఇంధన మంత్రి క్రిస్ రైట్, ఇప్పుడు అనుకుంటున్నవి అణు పేలుడు లేని పరీక్షలేనని చెప్పారు. ఒకే మాటను ముగ్గురు మూడు అర్థాల్లో వాడారు. అలాంటి మాట మీద, పరీక్ష జరిగే అవకాశం ఇన్ని శాతమని అంచనా కడితే మీరూ నేనూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతూ ఒకరితో ఒకరం వాదించుకుంటాం.

ఇంకో చిక్కు ఉంది. అసలు ప్లుటోనియంతోనే చేసినా గొలుసు చర్య నిలబడకుండా ఆగిపోయే సబ్‌క్రిటికల్ ప్రయోగాలు అమెరికా 1997 నుంచి నెవడాలో భూగర్భంలో చేస్తూనే ఉంది. వాటిని సమగ్ర అణు పరీక్షల నిషేధ ఒప్పందం, అంటే సీటీబీటీ, నిషేధించదని అమెరికా వాదన. వీటికీ అసలు పేలుడుకూ మధ్య హైడ్రోన్యూక్లియర్ ప్రయోగాలు అనే బూడిదరంగు ప్రాంతం ఉంది. అతి స్వల్పంగా, కొన్ని కిలోల పేలుడు పదార్థానికి సమానమైన అణుశక్తి మాత్రమే వెలువడేలా చేస్తారు. రష్యా ఇలాంటివి చేస్తూ ఉండవచ్చని 2019లో అమెరికా రక్షణ నిఘా సంస్థ అధిపతి బహిరంగంగానే అన్నారు. రష్యా కాదంది. మీరు అంచనా కట్టే ప్రశ్న వీటినీ లెక్కిస్తుందా, లేదా? లెక్కిస్తే మీ శాతం కొన్ని రెట్లు పెరగాలి.

చివరిసారి ఎవరు ఎప్పుడు పేల్చారు?

సోవియట్ యూనియన్ 1990 అక్టోబర్ 24న, బ్రిటన్ 1991 నవంబర్‌లో, అమెరికా 1992 సెప్టెంబర్ 23న, ఫ్రాన్స్ 1996 జనవరి 27న, చైనా 1996 జులై 29న. భారత్, పాకిస్తాన్ 1998 మేలో. ఉత్తర కొరియా 2006 నుంచి ఆరుసార్లు, చివరిది 2017 సెప్టెంబర్ 3న. రష్యా అనే పేరుతో ఉన్న దేశం ఇంతవరకూ ఒక్క పరీక్ష కూడా జరపలేదు, అన్నీ సోవియట్ ఖాతాలోవే. మొత్తంగా 1945 నుంచి రెండు వేలకు పైగా. అందులో అమెరికావే 1,030, సోవియట్‌వి 715, చైనావి 45. ఈ చివరి అంకెను గుర్తుపెట్టుకోండి, కింద పనికొస్తుంది.

ముప్పై ఏళ్లకు పైగా అగ్రరాజ్యాలేవీ పేల్చలేదు. సున్నా అనేయొచ్చుగా?

అనకూడదు. ఒక సంఘటన ఇన్నేళ్లుగా జరగలేదన్నది మాత్రమే తెలిసినప్పుడు లాప్లాస్ సూత్రం అని ఒక మోటు లెక్క ఉంది. జరిగిన సార్లకు ఒకటి కలిపి, గడిచిన ఏళ్లకు రెండు కలిపి భాగించడం. అమెరికాకు 1993 నుంచి 2025 దాకా 33 ఏళ్లు, సున్నా పరీక్షలు. ఒకటిని 35తో భాగిస్తే ఏడాదికి సుమారు 2.9 శాతం. మొదలుపెట్టడానికి ఇది చాలు, ఆగిపోవడానికి చాలదు. ఈ లెక్కకు దేశం తెలియదు, నాయకుడు తెలియడు, నెవడాలో ఏం జరుగుతోందో తెలియదు. నా ఉద్దేశంలో ఏ ప్రత్యేక సూచనా లేని ఏడాదికి ఇది కాస్త ఎక్కువే. ఎందుకో తర్వాతి జవాబులో ఉంది.

విరామం ప్రకటించి మళ్లీ మొదలుపెట్టిన దేశాలు ఉన్నాయా?

ఉన్నాయి. ఈ విషయంలో చదవాల్సింది ఏదైనా ఉందంటే ఈ చరిత్రే.

1958 శరదృతువులో అమెరికా, బ్రిటన్, సోవియట్ యూనియన్ మూడూ పరీక్షలు ఆపాయి. రాతపూర్వక ఒప్పందమేమీ లేదు, మాట మీద నడిచిన విరామం. 1959 డిసెంబర్ చివర్లో అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్, మాకిక కట్టుబాటు లేదు, అయితే ముందు చెప్పకుండా మొదలుపెట్టం అన్నారు. 1960 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ అల్జీరియా ఎడారిలో తన మొదటి బాంబు పేల్చింది. 1961 ఆగస్టు చివర్లో మాస్కో మళ్లీ మొదలుపెడుతున్నామని ప్రకటించి, సెప్టెంబర్ 1నే కజఖ్‌స్థాన్‌లోని సెమిపలాటిన్‌స్క్‌లో పేల్చేసింది. ఆ ఏడాది మిగిలిన నెలల్లో 50కి పైగా పరీక్షలు జరిపింది. అక్టోబర్ 30న ఆర్కిటిక్‌లోని నోవాయా జెమ్ల్యా దీవుల మీద పేల్చిన 50 మెగాటన్నుల జార్ బాంబా వాటిలో ఒకటి. ఇన్నిటిని రెండు రోజుల్లో సిద్ధం చెయ్యలేరు గదా. చర్చలు సాగుతుండగానే నెలల తరబడి ఏర్పాట్లు జరిగిపోయాయి. అమెరికా సెప్టెంబర్ 15న బదులిచ్చింది, అంటే 14 రోజుల్లో.

1985 ఆగస్టులో గోర్బచేవ్ ఏకపక్షంగా ఆపారు. అమెరికా జత కలవలేదు. 1987 ఫిబ్రవరిలో సోవియట్ పరీక్షలు మళ్లీ మొదలయ్యాయి.

ఫ్రాన్స్‌ది మరో తరహా. 1992 ఏప్రిల్‌లో అధ్యక్షుడు మిత్తరాన్ ఆపారు. 1995 మేలో అధ్యక్ష ఎన్నికల్లో షిరాక్ గెలిచారు. జూన్ 13న, సీటీబీటీ మీద సంతకం పెట్టే లోపు ఎనిమిది పరీక్షలు చేస్తామని బాహాటంగా చెప్పారు. సెప్టెంబర్ 5న పసిఫిక్‌లోని మురురోవాలో మొదటిది. ప్రపంచమంతా దుమ్మెత్తిపోసినా ఆరు పూర్తిచేసి ఆపారు. ప్రకటనకూ పేలుడుకూ మధ్య మూడు నెలలు కూడా లేదు. అది సాధ్యమైంది ఎందుకంటే మూడేళ్ల విరామంలో మనుషులు చెదిరిపోలేదు, పరికరాలు తుప్పు పట్టలేదు.

ఈ మూడింటిలోనూ విరామం మూడున్నరేళ్ల లోపే తెగింది. విరామాలు తొలి ఏళ్లలోనే పెళుసుగా ఉంటాయి, ఆ గండం గడిచాక ముదురుతాయి. బృందాలు రిటైరవుతాయి, బడ్జెట్లు వేరే పనులకు పోతాయి, పరీక్ష లేకుండా బతకడం వ్యవస్థకు అలవాటవుతుంది. అందుకే లాప్లాస్ ఇచ్చిన 2.9ని కిందికి లాగుతాను.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణ ఒకటుంది, అది మనదే. 1974 మే 18 తర్వాత 24 ఏళ్లు నిశ్శబ్దం, తర్వాత 1998 మే 11. అయితే 1974లో చేసింది శాంతియుత పేలుడని ప్రభుత్వమే చెప్పుకుంది. ఆయుధం తేల్చుకోని దేశానికి అది విరామం కాదు, వాయిదా. వందల పరీక్షల గణాంకాలు చేతిలో ఉన్న దేశాన్ని ఈ గాటన కట్టలేం.

1998 పోఖ్రాన్‌ను అమెరికా నిఘా సంస్థలు ఎందుకు పసిగట్టలేకపోయాయి?

1995 డిసెంబర్‌లో పోఖ్రాన్‌లో ఏర్పాట్లను అమెరికా శాటిలైట్లు పట్టేశాయి. రాయబారి ఫ్రాంక్ విస్నర్ ఢిల్లీలో ఆ విషయం లేవనెత్తారు, పీవీ నరసింహారావు ప్రభుత్వం వెనక్కి తగ్గింది. దాంతో పైనుంచి ఏమేం కనబడుతుందో మనవాళ్లకు తెలిసిపోయింది. 1998లో పని ఎక్కువగా రాత్రిళ్లు జరిగింది. తెల్లారేసరికి యంత్రాలు ఎక్కడివక్కడ నిలబడి ఉండేవి. శాస్త్రవేత్తలు సైనిక దుస్తుల్లో వచ్చిపోయేవారు. కలామ్ మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అయ్యారు, అణుశక్తి సంఘం అధిపతి ఆర్.చిదంబరం మేజర్ జనరల్ నటరాజ్ అయ్యారు.

కానీ దాచిపెట్టడం ఒక్కటే కారణం కాదు. అణ్వాయుధాలు సమకూర్చుకునే అవకాశాన్ని వాడుకుంటామని బీజేపీ ఎన్నికల మేనిఫెస్టోలోనే రాసుకుంది. మార్చిలో అధికారంలోకి వచ్చింది. ఏప్రిల్ 6న పాకిస్తాన్ ఘోరీ క్షిపణిని ప్రయోగించింది. ఇవన్నీ పేపర్లలో వచ్చినవే. తర్వాత అడ్మిరల్ డేవిడ్ జెరెమయా నేతృత్వంలో జరిగిన సమీక్ష కూడా వేలెత్తి చూపింది ఈ ఆలోచనా ధోరణినే: మనం ఆలోచించినట్టే వాళ్లూ ఆలోచిస్తారన్న నమ్మకం. మేనిఫెస్టోలో మాట ఎన్నికల మాటే అనుకున్నారు. ఆ పార్టీ విషయంలో అది దశాబ్దాల నాటి పట్టుదల. పైగా 13 రోజుల ప్రభుత్వంలో 1996లోనే ప్రయత్నించి వదిలేసిన పని.

అయితే నాయకులు చెప్పే మాటలను నమ్మాలా, వద్దా?

ఎవరి మాట, ఎంత పాతది, దాని వెనక ఖర్చెంత, ఇవి చూడండి. షిరాక్ ప్రకటనలో అంకె ఉంది, చోటు ఉంది, గడువు ఉంది. అలాంటి ప్రకటన వస్తే నేను వెంటనే 80 శాతం దాటేస్తాను. 2025 నాటి ట్రంప్ పోస్టులో ఇవేవీ లేవు. పరీక్షలు జరిపే బాధ్యత ఇంధన శాఖ కింద ఉండే జాతీయ అణు భద్రతా యంత్రాంగానిది కాగా పోస్టులో ఆదేశం వెళ్లింది రక్షణ వైపుకు. ఆ ఒక్క పొరపాటే చాలు, వెనక కాగితాలేవీ కదల్లేదని చెప్పడానికి.

రష్యాది ఎప్పటినుంచో షరతుతో కూడిన మాట: అమెరికా చేస్తే మేమూ చేస్తాం. పుతిన్ 2023 ఫిబ్రవరిలో అన్నారు. అదే ఏడాది నవంబర్ 2న సీటీబీటీ ఆమోదాన్ని వెనక్కి తీసుకునే చట్టం మీద సంతకం పెట్టినప్పుడూ, అమెరికాతో సమానం కావడానికే అన్నారు. 2025 నవంబర్ 5న, పరీక్షల సన్నాహాల మీద ప్రతిపాదనలు తయారు చెయ్యమని అధికారులకు చెప్పారు. ఇది ఆదేశానికి దగ్గరగా కనిపిస్తుంది గానీ ప్రతిపాదనలు తయారు చెయ్యడం ప్రభుత్వాల్లో అన్నిటికన్నా చవకైన పని.

శాటిలైట్ చిత్రాల్లో కొత్త సొరంగాలు కనబడ్డాయని వార్త. నిప్పు లేనిదే పొగ రాదు కదా?

2023 సెప్టెంబర్‌లో వచ్చిన వార్త మీరు చూసే ఉంటారు: రష్యా నోవాయా జెమ్ల్యా, చైనా లోప్ నూర్, అమెరికా నెవడా పరీక్షా స్థలాలు మూడుచోట్లా కొత్త రోడ్లు, కొత్త తవ్వకాలు. మూడుచోట్లా అన్న మాట దగ్గర ఆగండి. పరీక్ష జరపాలనుకునే దేశం సొరంగం తవ్వుతుంది. జరపాలని అనుకోకపోయినా, వేరేవాళ్లు మొదలుపెడితే వెనకబడకూడదనుకునే దేశమూ తవ్వుతుంది. సబ్‌క్రిటికల్ ప్రయోగాలకు గది కావాల్సిన దేశమూ తవ్వుతుంది.

దీన్ని లెక్కలో పెడితే ఇలా ఉంటుంది. మీ మొదటి అంచనా 3 శాతం అనుకోండి. పరీక్షకు సిద్ధమయ్యే దేశం తవ్వకం కనబడేలా చేసే అవకాశం 90 శాతం, సిద్ధం కాని దేశం తవ్వే అవకాశం 45 శాతం అనుకోండి. ఆధారం బలం రెండింతలే. 3కి 97 అన్న నిష్పత్తి 6కి 97 అవుతుంది. అంటే 6 శాతానికి కాస్త తక్కువ. మూడు 30 కాదు.

ఏం కనబడితే పెద్ద తేడా వస్తుందో చెబుతాను. తవ్విన రంధ్రాన్ని పూడ్చడం. తవ్వడం ఎన్నో పనులకు ఉంటుంది. లావాటి కేబుళ్లు లోపలికి దింపి, దాని మీద గులకరాళ్లు, ఇసుక, ఎపాక్సీ జిగురు పొరలుగా పోసి బిరడా బిగించడం ఒక్క పనికే. నెవడాలో వందల మీటర్ల లోతు షాఫ్టులో బాంబు ఒక్కటే దిగదు. దాని పైన కొలత పరికరాలతో నిండిన పొడవాటి చట్రం దిగుతుంది. పేలిన క్షణంలో వచ్చే సంకేతాలు, పరికరాలు ఆవిరయ్యేలోపు, ఆ కేబుళ్ల వెంట పైకి చేరాలి. పైన కాస్త దూరంలో రికార్డింగ్ ట్రైలర్లు వరుసగా నిలబడి ఉంటాయి. 1993 వసంతంలో జరగాల్సిన ఐస్‌క్యాప్ అనే పరీక్ష కోసం యుక్కా ఫ్లాట్‌లో నిలబెట్టిన టవర్‌ను విరామం వచ్చాక కూడా విప్పకుండా అలాగే ఉంచారు. సందర్శకులకు చూపిస్తుంటారు. సొరంగం ముఖద్వారం దగ్గర మట్టి కుప్పలు పెరుగుతుంటే నాకు పెద్ద పట్టింపు ఉండదు. ట్రైలర్లు వచ్చి, కేబుళ్లు పరుచుకుని, తర్వాత ద్వారం మూసుకుపోతే నిద్ర పట్టదు.

నిర్ణయం నుంచి పేలుడు దాకా ఎంత కాలం పడుతుంది?

దేశాన్ని బట్టి. అమెరికా అణు భద్రతా యంత్రాంగం తన ప్రణాళికా పత్రాల్లో రాసుకున్న లెక్క ప్రకారం, పద్ధతులన్నీ కుదించి, కొలతలు పెద్దగా లేకుండా ఊరికే ఒకటి పేల్చి చూపడానికి 6 నుంచి 10 నెలలు. పూర్తి పరికరాలతో, శాస్త్రవేత్తలకు పనికొచ్చే పరీక్షకు 24 నుంచి 36 నెలలు. మొదటి దానివల్ల ఆయుధ శాస్త్రవేత్తలకు ఒరిగేది దాదాపు ఏమీ ఉండదు, అది రాజకీయ సందేశం మాత్రమే. 2020 మేలో వైట్‌హౌస్‌లో ఇలాంటి త్వరిత పరీక్ష గురించి చర్చ జరిగిందని వార్తలొచ్చాయి. అది అక్కడితో ఆగింది.

కాబట్టి గడువు నాలుగు నెలలే ఉన్న ప్రశ్నలో, రేపే ఆదేశం వచ్చినా అమెరికా పేల్చే అవకాశం అరశాతం లోపే పెట్టాలి. చాలామంది వార్త వేడిని గడువులోకి దించేస్తారు. నెవడాలో డ్రిల్లింగ్ రిగ్గులకు ఆ వేడి తగలదు. అమెరికాకు నేను విడదీసి కట్టే పద్ధతి ఇది: ఏడాదిలో అధ్యక్షుడు అసలైన పేలుడుకు అధికారికంగా ఆదేశమిచ్చే అవకాశం 8 శాతం అనుకుందాం, ఆ ఆదేశం నిధులు, కోర్టులు, నెవడా రాష్ట్రం, సాంకేతిక పనులు అన్నీ దాటి అదే ఏడాదిలో పేలుడుగా మారే అవకాశం 15 శాతం. గుణిస్తే 1.2 శాతం. గడువు మూడేళ్లయితే ఈ రెండో అంకె బాగా పెరుగుతుంది, అక్కడే అసలు తేడా.

ఉత్తర కొరియాకు ఈ వాయిదాలేవీ లేవు. తన పరీక్షా స్థలం పుంగ్యే-రీలో 2018 మే 24న విదేశీ విలేఖరుల ముందు సొరంగ ద్వారాలు పేల్చేసినా, 2022లో ఒక సొరంగాన్ని తిరిగి తెరిచింది.

మరి 2022 నుంచి ఏడో పరీక్ష ఏ క్షణమైనా అంటున్నారు. ఎందుకు జరగలేదు?

సిద్ధంగా ఉండటం వేరు, చెయ్యాలనుకోవడం వేరు. దక్షిణ కొరియా, అమెరికా అధికారులు చెప్పింది మొదటిదే, అది చాలావరకు నిజమే. మనం విన్నది రెండోది. సిద్ధంగా ఉండి చెయ్యకపోవడం వల్ల బేరంలో బలం పెరుగుతుంది. చేస్తే ఆ బలం ఒక్కరోజులో ఖర్చయిపోతుంది, బీజింగ్‌కు కోపం వస్తుంది. 2017లో పేల్చింది చాలా పెద్దది, భూకంప తీవ్రత 6 దాటింది, కాబట్టి పెద్ద బాంబు పని చేస్తుందని చూపించే అవసరం తీరింది. మిగిలింది చిన్న వార్‌హెడ్ల పరీక్ష. ఆ అవసరం అలాగే ఉంది, అందుకే నా జాబితాలో ఈ దేశమే మొదట. ఏ క్షణమైనా అన్న వార్త వచ్చిన ప్రతిసారీ శాతం పెంచినవాళ్లు మాత్రం ఏళ్ల తరబడి నష్టపోయారు.

ఒప్పందాలు, చట్టాలు అడ్డురావా?

కొంతవరకే. 1996 సెప్టెంబర్ 24న సంతకాలకు తెరిచిన సీటీబీటీ మీద 187 దేశాలు సంతకం పెట్టినా అది ఇంకా అమల్లోకి రాలేదు. రావాలంటే జాబితాలోని 44 దేశాలూ ఆమోదించాలి. అమెరికా సెనేట్ 1999 అక్టోబర్‌లో 48–51 ఓట్లతో తిరస్కరించింది, చైనా సంతకం పెట్టి ఊరుకుంది, భారత్, పాకిస్తాన్, ఉత్తర కొరియా సంతకమే పెట్టలేదు. గాలిలో, నీటిలో, అంతరిక్షంలో పరీక్షలను నిషేధించిన 1963 ఒప్పందం అమల్లో ఉంది, కాబట్టి జరిగితే భూగర్భంలోనే జరుగుతాయని ధీమాగా అనుకోవచ్చు. 1992లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం, 1996 సెప్టెంబర్ 30 తర్వాత వేరే దేశం పరీక్షిస్తే తప్ప అమెరికా పరీక్షించకూడదంది. 1998లోనే ఆ తలుపు తెరుచుకుందని వాదించేవాళ్లున్నారు.

సాంకేతికంగా ఎవరికి అవసరం ఉంది?

ఇక్కడే ఆ 45 పనికొస్తుంది. అమెరికా దగ్గర వెయ్యికి పైగా పరీక్షల సమాచారం, లివర్‌మోర్‌లో లేజర్ కేంద్రం, లాస్ అలమోస్‌లో ఎక్స్‌రే యంత్రాలు ఉన్నాయి. ఆయుధాలు పనికొస్తాయా లేదా అన్నది ప్రయోగశాలల డైరెక్టర్లు ఏటా అంచనా వేసి చెబుతారు, పేల్చి చూడాల్సిన అవసరం లేదనే ఇన్నేళ్లుగా చెబుతున్నారు. ఆ డైరెక్టర్లలో ఒక్కరు ఈ మాట మార్చినా నేను అమెరికా అంకెను రెట్టింపు చేస్తాను. చైనా దగ్గరున్నది 45 పరీక్షల సమాచారమే, ఆయుధాల సంఖ్యేమో వేగంగా పెరుగుతోంది. అందరూ మళ్లీ మొదలుపెడితే ఎక్కువ నేర్చుకునేది చైనా. వాషింగ్టన్‌లో పరీక్షలను వ్యతిరేకించేవారి మొదటి వాదన కూడా ఇదే, దాన్ని పక్కన పెట్టడం ఏ అధ్యక్షుడికీ తేలిక కాదు.

మనకూ ఒక అవసరం ఉందనే వాదన ఉంది. 1998 పరీక్షల్లో భాగస్వామి అయిన కె.సంతానం, హైడ్రోజన్ బాంబు ఆశించినంత బలంగా పేలలేదని 2009లో చెప్పి సంచలనం రేపారు. ప్రభుత్వం, అణుశక్తి సంస్థ ఖండించాయి. అయితే 2008లో అణు సరఫరా దేశాల బృందం అణు వాణిజ్యానికి మనకు ఇచ్చిన మినహాయింపు స్వచ్ఛంద విరామం మీదే నిలబడి ఉంది. ఆ మూల్యం చెల్లించాలంటే చాలా పెద్ద కారణం కావాలి. చైనా బాహాటంగా పరీక్షిస్తే ఆ కారణం దొరుకుతుంది, అంతకుముందు కాదు.

రష్యాకు 1 శాతం, అమెరికాకు 1, చైనాకు అర. వీటిని కలిపేస్తే సరిపోతుందా?

కలిపితే పై హద్దు వస్తుంది, సరైన అంకె రాదు. ఇవి ఒకదానికొకటి ముడిపడి ఉన్నాయి. 1961లో 14 రోజులు. 1998లో, క్లింటన్ పలుమార్లు ఫోన్ చేసి బతిమాలినా, పోఖ్రాన్ మొదటి పేలుడుకూ చాగైలో పాకిస్తాన్ పేలుడుకూ మధ్య 17 రోజులు. ఒకరు మొదలుపెడితే ఇంకొకరు ఆగరు. అమెరికా పేల్చిందంటే ఏడాదిలో రష్యా పేల్చే అవకాశం నా దృష్టిలో 65 శాతం. అందుకని కనీసం ఒక దేశమైనా అన్న ప్రశ్నకు మొత్తం కన్నా తక్కువ వస్తుంది. రెండు దేశాలు అన్న ప్రశ్నకు మాత్రం, విడివిడి శాతాలను గుణించిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వస్తుంది. ఈ రెండో తప్పు చేసేవాళ్లే ఎక్కువ. 1 శాతాన్ని 1 శాతంతో గుణించి పదివేలలో ఒకటి అంటారు. అసలు అంకె వందలో అరకు దగ్గరగా ఉంటుంది.

రహస్యంగా చేస్తే ప్రశ్నకు తీర్పు ఎలా?

వియన్నా కేంద్రంగా పనిచేసే సీటీబీటీ సంస్థ పర్యవేక్షణ వ్యవస్థలో, పూర్తిగా నిర్మిస్తే, 321 కేంద్రాలు, 16 ప్రయోగశాలలు. ఎక్కువ భాగం పనిచేస్తున్నాయి. 2006లో ఉత్తర కొరియా పేల్చింది ఒక కిలోటన్ను కూడా లేదు. అయినా భూకంప కేంద్రాలు పట్టేశాయి, రెండు వారాల తర్వాత కెనడాలోని యెల్లోనైఫ్ దగ్గర గాలిలో అణు పేలుడులో పుట్టే జినాన్ వాయువు జాడ దొరికింది. కిలోటన్ను స్థాయి పేలుడును దాచడం ఇప్పుడు దాదాపు అసాధ్యం. దానికి బాగా తక్కువైతే, లేదా పెద్ద గుహలో పేల్చి కంపనాన్ని మింగించేస్తే, అనుమానమే మిగులుతుంది.

అనుమానాలు ఎలా ముగుస్తాయో చూడండి. 1979 సెప్టెంబర్ 22న దక్షిణ సముద్రాల మీద అమెరికా వేలా శాటిలైట్, అణు పేలుడుకు గుర్తు లాంటి జంట మెరుపును చూసింది. అది అణు పరీక్షా కాదా అన్నది అధికారికంగా ఇప్పటికీ తేలలేదు. 1997 ఆగస్టు 16న నోవాయా జెమ్ల్యా వైపు కంపనం వస్తే రష్యా పరీక్షించిందని వాషింగ్టన్‌లో గుప్పుమంది. తీరా చూస్తే కారా సముద్రం అడుగున వచ్చిన భూకంపం. అందుకే మీరు ప్రశ్న రాస్తే తీర్పు మూలాన్ని కూడా అందులోనే రాయండి. ఆ దేశ ప్రభుత్వమే ప్రకటించాలా, సీటీబీటీ సంస్థ సమాచారం సరిపోల్చాలా, ఒక ప్రత్యర్థి దేశం ఆరోపణ చాలా? ఆరోపణ చాలు అన్నారంటే మీరు అంచనా వేస్తున్నది పేలుడును కాదు, పత్రికా సమావేశాన్ని.

ఏడాది శాతాన్ని ఐదేళ్లకు ఎలా మార్చాలి?

ఐదుతో గుణించకండి. ఏడాదికి 3 శాతమైతే, జరగని అవకాశం 0.97, దాన్ని ఐదుసార్లు గుణిస్తే 0.859. అంటే ఐదేళ్లలో జరిగే అవకాశం 14 శాతం. తక్కువ శాతాల దగ్గర తేడా చిన్నదే, 10 దాటాక కొరుకుతుంది.

ఇంత అరుదైన దానికి 1 అన్నా 4 అన్నా స్కోరులో తేడా ఏముంటుంది?

అంచనాకూ ఫలితానికీ ఉన్న తేడా వర్గాన్ని లెక్కించే, తక్కువైతే మేలయ్యే బ్రయర్ స్కోరులో దాదాపు ఏమీ ఉండదు. జరగకపోతే 4 శాతం చెప్పినవారికి 0.0016, 1 చెప్పినవారికి 0.0001. జరిగితే ఇద్దరికీ 0.9 పైనే. తప్పిన ధీమాను గట్టిగా శిక్షించే లాగరిథమిక్ స్కోరులో మాత్రం, జరిగిన రోజున, 1 చెప్పినవారు బాగా దెబ్బతింటారు. బీమా, రక్షణ బడ్జెట్ లాంటి నిజమైన నిర్ణయాలకు కూడా 1కీ 4కీ తేడా నాలుగింతలు. అందుకని నేను స్కోరు కోసం అంకెలు గుండ్రంగా చెయ్యను.

సరే, మీ అంకె ఎంత?

పర్యవేక్షణ వ్యవస్థలో స్పష్టంగా కనబడే పేలుడు, ఏ దేశమైనా సరే, వచ్చే 12 నెలల్లో: 5 శాతం. అందులో ఉత్తర కొరియా వాటా 3. రష్యా, అమెరికా ఒక్కొక్కటీ 1కి అటూ ఇటూ, చైనా అర, భారత్, పాకిస్తాన్ కలిపి పావు. ఒకదాని వెంట ఒకటి జరిగే సందర్భాలను రెండుసార్లు లెక్కపెట్టకుండా తీసేస్తే 5 దగ్గర తేలుతుంది. ఇవి నా అంచనాలు, మీవి వేరుగా ఉండొచ్చు.

అమెరికా ఇంధన శాఖ బడ్జెట్‌లో భూగర్భ పరీక్ష పేరుతో ప్రత్యేక నిధులు కనబడితే అమెరికాను మూడేళ్ల గడువులో 15కి తీసుకెళ్తాను, ఏడాది గడువులో 2కి మాత్రమే. రష్యా నోవాయా జెమ్ల్యా చుట్టుపక్కల సముద్రాన్నీ ఆకాశాన్నీ వారాల పాటు మూసేస్తూ, అదే సమయంలో ఏ క్షిపణి ప్రయోగమూ జరపకపోతే, రష్యాను 4కి. పుంగ్యే-రీలో సొరంగం ద్వారం మళ్లీ మూసుకుపోయి, మనుషుల జాడ తగ్గిపోయిందని చిత్రాలు వస్తే, ఆ రోజే 30కి, వార్త ధ్రువపడే దాకా ఆగకుండా.

అధ్యక్షుల సోషల్ మీడియా పోస్టులకు మాత్రం, లోపల తేదీ లేకపోతే, పావు శాతం కన్నా ఎక్కువ కదలను.